హెచ్చరిక: సాఫ్ట్‌వేర్ పడిపోతోందని ఫైర్‌వాల్ ఆపేయకండి

మీ కొట్టులోనో, ఆసుపత్రిలోనో, ఆడిటర్ ఆఫీసులోనో రోజూ వాడే సాఫ్ట్‌వేర్ ఉన్నట్టుండి తెరుచుకోవడం మానేసిందా? తెరుచుకున్నా నడుమ స్టక్ అయి, తనంతట తనే మూసుకుపోతోందా? అయితే మూడు పనులు మీరు చేయకండి, రిపేరుకు వచ్చినవాళ్లను చేయనివ్వకండి. విండోస్ ఫైర్‌వాల్‌ను ఆపేయకండి. ఎస్ఎంబీ1 అనే పాత షేరింగ్ పద్ధతిని మళ్లీ ఆన్ చేయకండి. డేటా ఉన్న ఫోల్డర్‌కు ‘ఎవ్రీవన్, ఫుల్ కంట్రోల్’ అని టిక్ పెట్టకండి. వీటిలో ఏదో ఒకటి చేయగానే ఆ పూటకు సాఫ్ట్‌వేర్ లేచి కూర్చోవచ్చు. అసలు ప్రమాదం అక్కడే. పని జరిగిపోయింది కాబట్టి ఏం చేసి జరిపించారో ఎవరూ అడగరు. ఎప్పుడో డేటా మొత్తం లాక్ అయి, డబ్బు కడితేగానీ ఇవ్వమని తెర మీద బెదిరింపు కనిపించిన రోజున ఇవాళ నొక్కిన బటన్ ఎవరికీ గుర్తుకు రాదు.

జబ్బు చాలాసార్లు చిన్నదే. సర్వర్‌గా వాడే కంప్యూటర్ పేరు మారి ఉంటుంది. లేదా రెండు సిస్టమ్‌లకు ఒకటే పేరు పడి ఉంటుంది. లేదా రూటర్ మార్చడంతో ఐపీ సిరీస్ మారి ఉంటుంది. నిదానంగా చూస్తే పావుగంటలో దొరికే తప్పులివి. వీటి కోసం కాపలా మొత్తం ఎత్తేయడం ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడమే.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అప్పటి నుంచి చిన్న ఆఫీసులు, ల్యాబులు, కాలేజీలు వరసబెట్టి విండోస్ 11కు మారుతున్నాయి. కొందరు కొత్త సిస్టమ్‌లు కొంటున్నారు, కొందరు ఉన్నవాటికే ఫార్మాట్ కొట్టి కొత్త ఓఎస్ వేయిస్తున్నారు. ఏళ్ల తరబడి ముట్టుకోకుండా నడిచిన సర్వర్‌ను ఇప్పుడు ముట్టుకోక తప్పడం లేదు. ముట్టుకోగానే దాని పేరు మారుతోంది. దాంతో పాటే ఆ పేరును నమ్ముకున్న ప్రతి సాఫ్ట్‌వేరూ కూలుతోంది.

ఏ ఊళ్లో చూసినా దృశ్యం ఇంచుమించు ఇలాగే ఉంటుంది. నెల 20వ తేదీ, జీఎస్టీ 3బీ రిటర్ను వేయాల్సిన రోజు. ముందురోజు రాత్రే సర్వర్‌కు కొత్త విండోస్ వేసి వెళ్లారు. పొద్దున కౌంటర్ దగ్గర బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తెరిస్తే తెల్లగా నిలబడి ‘నాట్ రెస్పాండింగ్’ అంటోంది. యజమాని ఫోన్ కొడతాడు. “తమ్ముడూ, నువ్వు రాత్రి ఏం చేసి పోయావో, ఒక్క బిల్లు పడట్లేదు.” అవతలి నుంచి, “సార్, నేను పక్క ఊళ్లో ఉన్నా. కంట్రోల్ ప్యానెల్‌లో ఫైర్‌వాల్ ఆఫ్ చేయండి, వచ్చేస్తుంది.” ఆఫ్ చేస్తారు. ఒక్కోసారి వస్తుంది. రాకపోతే యాంటీవైరస్ తీసేయమంటాడు. అదీ కాకపోతే దూరం నుంచి సిస్టమ్ నడిపే ఎనీడెస్క్ నంబరు చెప్పమంటాడు. ఆ కుర్రాడిని తిట్టి లాభం లేదు. రోజుకు పది చోట్లకు పరుగెత్తేవాడు, డబ్బులు బిల్లు పడితేనే ఇస్తారు, కారణం కనిపెడితే ఇవ్వరు.

అసలు లోపల జరిగేది ఇది. కొత్తగా విండోస్ వేసినప్పుడు మనం పేరు పెట్టకపోతే అదే ఒకటి పెట్టుకుంటుంది: డెస్క్‌టాప్ అన్న మాట, ఒక గీత, ఆ వెనక ఏడు అర్థంలేని అక్షరాలు, అంకెలు. మన దగ్గర దొరికే బిల్లింగ్, ఫార్మసీ, డయాగ్నొస్టిక్ ల్యాబ్ సాఫ్ట్‌వేర్లలో చాలా భాగం డేటాను ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్‌లో దాచుకుంటాయి. ఆ డేటాబేస్ ఎక్కడుందో చెప్పే వాక్యం ఒక చిన్న ఫైల్‌లో ఉంటుంది. అందులో సర్వర్ పేరు, వాలుగీత, ఎస్‌క్యూఎల్‌ఎక్స్‌ప్రెస్ అని రాసి ఉంటుంది. ఫార్మాట్ తర్వాత సర్వర్ పేరు మారిపోయింది. కౌంటర్ దగ్గరి సిస్టమ్‌లు మాత్రం ఇంకా పాత పేరునే పిలుస్తున్నాయి. ఆ పేరున్నవాడు ఊళ్లోనే లేడు.

ఇక్కడ ఒక లెక్క చూడండి. మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్‌తో రాసిన సాఫ్ట్‌వేర్లు డేటాబేస్ పలకకపోతే మామూలుగా 15 సెకన్లు ఎదురుచూస్తాయి. కిటికీ 5 సెకన్లు ఉలుకూపలుకూ లేకుండా ఉంటే విండోస్ దానికి ‘నాట్ రెస్పాండింగ్’ ముద్ర వేస్తుంది. ఈ రెండింటి మధ్య ఉన్న పది సెకన్లలో బిల్లు కొట్టే అమ్మాయి ఏం చేస్తుంది? క్యూలో ఉన్నవాళ్లు అరుస్తుంటే ‘క్లోజ్ ప్రోగ్రామ్’ నొక్కేస్తుంది. లేదా స్విచ్ కట్టేస్తుంది. మనం క్రాష్ అని చెప్పుకునేవాటిలో చాలా వరకు నిజానికి క్రాష్‌లు కావు, ఎదురుచూపును మనమే చంపేయడం. నెట్‌వర్క్ డ్రైవ్ మీద నేరుగా ఫైళ్లు రాసే పాత సాఫ్ట్‌వేర్లలో ఇలా సగంలో నరికితే డేటా కరప్ట్ అవుతుంది. అప్పటిదాకా లేని జబ్బు అప్పుడు నిజంగానే పుడుతుంది.

పేరు పెట్టడంలో కూడా గుంటలున్నాయి. విండోస్ పాత పేర్ల పద్ధతి నెట్‌బయోస్‌లో కంప్యూటర్ పేరు 15 అక్షరాలు దాటకూడదు. పదహారో చోటు ఆ సిస్టమ్ ఏ సేవ చేస్తుందో చెప్పడానికి వాడుకుంటుంది. ఇంగ్లీషులో విశాఖపట్నం అని రాస్తే 13 అక్షరాలు. దాని వెనక ఒక గీత పెట్టి 01, 02 అని రెండు సిస్టమ్‌లకు పేర్లు పెట్టారనుకోండి. మొత్తం 16 అవుతాయి. నెట్‌బయోస్ చివరి అంకెను కోసేస్తుంది. రెండు సిస్టమ్‌లూ ‘విశాఖపట్నం-0’ అయి కూర్చుంటాయి. ఇక పొద్దున ముందుగా ఏది ఆన్ చేస్తే దానిదే పేరు. రెండోదానిలో ఈ పేరు నెట్‌వర్క్‌లో ఇంకొకరికి ఉందన్న ఎర్రర్ వస్తుంది, ఈవెంట్ వ్యూయర్‌లో 4319 నంబరుతో నమోదవుతుంది. ఒక రోజు సాఫ్ట్‌వేర్ బాగానే నడిచి ఇంకో రోజు పడిపోతుంటే, అది ఏ సిస్టమ్ ముందు ఆన్ చేశారన్న దాని మీద ఆధారపడుతుంటే, వైరస్ అని పరుగెత్తకుండా ముందు పేర్లు చూడండి. పాత సిస్టమ్ ప్రాపర్టీస్‌లో పేరు మార్చేటప్పుడు 15 దాటితే కుదిస్తానని విండోస్ ముందే ఒక బాక్స్ చూపిస్తుంది. ఆ బాక్స్ చదివి ఓకే నొక్కినవాళ్లెవరైనా ఉంటే వాళ్లకు దండం పెట్టాలి.

అండర్‌స్కోర్ ఇంకో గుంట. హోస్ట్ పేర్లలో అక్షరాలు, అంకెలు, నడుమ గీత తప్ప మరేదీ ఉండకూడదని ఇంటర్నెట్ నియమాలు 1980ల నుంచే చెబుతున్నాయి. విండోస్ చూసీచూడనట్టు పోతుంది కానీ జావా పోదు. పేరులో అండర్‌స్కోర్ ఉంటే జావాలో అడ్రస్ విడదీసే యూఆర్‌ఐ క్లాస్ హోస్ట్ పేరు అడిగితే ‘నల్’ చేతిలో పెడుతుంది. అపాచీ స్పార్క్ అలాంటి సిస్టమ్ మీద ‘ఇన్‌వాలిడ్ స్పార్క్ యూఆర్‌ఎల్’ అని మొదట్లోనే కూలుతుంది. ప్రోగ్రామ్ ఎన్నిసార్లు తిరగరాసినా తేడా రాదు, ఎందుకంటే తప్పు ప్రోగ్రామ్‌లో లేదు. అమీర్‌పేటలో కోర్సు చేస్తున్న పిల్లలు ఈ ఒక్క ఎర్రర్ వస్తే ముందు సిస్టమ్ పేరు చూసుకోవాలి.

కంప్యూటర్‌కు తెలుగులో పేరు పెట్టాలన్న అభిమానం మంచిదే కానీ ఇక్కడ వద్దు. తెలుగుకు విండోస్‌లో సిస్టమ్‌కు పెట్టుకునే పాతకాలపు కోడ్‌పేజీ అంటూ లేదు, ఉన్నదల్లా యూనికోడే. పాత పద్ధతిలో పేరు చదివే సాఫ్ట్‌వేర్‌కు మన అక్షరాలు ప్రశ్నార్థకాలుగా కనిపిస్తాయి. రష్యన్, చైనీస్ అక్షరాలతో పేర్లు పెట్టుకున్నవాళ్లు పైథాన్‌తో ఏళ్ల తరబడి అవస్థ పడ్డారు. ఫ్లాస్క్, జాంగో లాంటివి టెస్ట్ సర్వర్ లేపేటప్పుడు సిస్టమ్ పూర్తి పేరు అడుగుతాయి. ఆ పేరు చదవలేక యూనికోడ్‌డీకోడ్‌ఎర్రర్‌తో అక్కడికక్కడే ఆగిపోతాయి. తెలుగు మన ఫైళ్లలో, మెయిళ్లలో, తెర మీద ఉండాలి. సిస్టమ్ పేరులోనూ, యూజర్ ఫోల్డర్ పేరులోనూ ఇంగ్లీషు అక్షరాలే క్షేమం.

లైసెన్సుల సంగతి వేరే. మ్యాట్‌ల్యాబ్, ఆన్సిస్ లాంటి ఇంజనీరింగ్ సాఫ్ట్‌వేర్లు కాలేజీల్లో ఫ్లెక్స్‌నెట్ అనే లైసెన్స్ సర్వర్ మీద నడుస్తాయి. ఆ లైసెన్స్ ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిచి మొదటి వరుస చూడండి. సర్వర్ అన్న మాట, ఆ తర్వాత కంప్యూటర్ పేరు, తర్వాత నెట్‌వర్క్ కార్డు నంబరు, ఆఖరున పోర్టు. పేరు మారినా, చెడిపోయిన నెట్‌వర్క్ కార్డు బదులు కొత్తది పెట్టినా ల్యాబ్‌లో ఉన్న సీట్లన్నీ ఒకేసారి మూతపడతాయి. అది సరిగ్గా ప్రాక్టికల్ పరీక్షల వారంలోనే జరుగుతుందని ల్యాబ్ అసిస్టెంట్లకు వేరే చెప్పక్కర్లేదు.

అన్నిటికంటే తాజా ప్రమాదం క్లోనింగ్‌తో వచ్చింది, దాని దగ్గర కాసేపు ఆగాలి. ఒక సిస్టమ్‌లో విండోస్, ఆఫీస్, మిగతా సాఫ్ట్‌వేర్లన్నీ వేసి, ఆ డిస్క్‌ను అచ్చంగా కాపీ తీసి ల్యాబ్‌లోని మిగతా అన్నిటికీ ఎక్కించడం మన దగ్గర పాతికేళ్ల అలవాటు. ఇలా కాపీ ఎక్కించాక పేరు, ఐపీ మార్చి వదిలేస్తారు. కానీ పేరు మార్చినా లోపల ఒకటి మారదు. ప్రతి విండోస్‌కూ ఎస్ఐడీ అనే అంతర్గత గుర్తింపు సంఖ్య ఉంటుంది. సిస్‌ప్రెప్ అనే పనిముట్టును ‘జనరలైజ్’ పెట్టి నడిపాకే కాపీ తీయాలని మైక్రోసాఫ్ట్ మొదటి నుంచీ చెబుతోంది. మనం వినలేదు. వినకపోయినా ఏమీ కాలేదు కూడా. విండోస్ లోపలి సంగతుల్లో అందరూ గురువుగా చూసే మార్క్ రస్సినోవిచ్ సైతం, ఎస్ఐడీలు కలిసినంత మాత్రాన కొంపలు మునగవని 2009 నవంబరులో రాసి, వాటిని మార్చడానికి తాము తయారుచేసిన న్యూఎస్ఐడీ పనిముట్టును ఆపేశారు. సిస్‌ప్రెప్ అక్కర్లేదని ఆయన అనలేదు. ఆ సగం మనవాళ్ల చెవిన పడలేదు.

ఆ ధీమా 2025 ఆగస్టు 29తో పోయింది. ఆ రోజున, ఆ తర్వాత వచ్చిన అప్‌డేట్లతో విండోస్ 11 24హెచ్2, 25హెచ్2, విండోస్ సర్వర్ 2025 సిస్టమ్‌లు ఎదుటివాడి ఎస్ఐడీని పట్టి చూడడం మొదలుపెట్టాయి. రెండూ ఒకటే అయితే లాగిన్‌ను తిప్పికొడుతున్నాయి. లక్షణాలు గుర్తుపెట్టుకోండి. షేర్ ఫోల్డర్ తెరిస్తే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడుగుతుంది. సరైనవే కొట్టినా తప్పంటుంది. పేరుతో పిలిచినా, ఐపీతో పిలిచినా అదే వరస. రిమోట్ డెస్క్‌టాప్ కూడా కలవదు. ఈవెంట్ వ్యూయర్‌లో ‘మెషిన్ ఐడీ’ పాక్షికంగా సరిపోలడం లేదన్న మాట కనబడుతుంది. పింగ్ వస్తుంటుంది, కేబుల్ బాగుంటుంది, నిన్నటిదాకా నడిచింది. దీనిలో నుంచి బయటపడటానికి ఎవరికి తోచిన కంచె వాళ్లు పీకేస్తున్నారు. ఫైర్‌వాల్ ఆపినా ఇది పోదు. అప్‌డేట్‌ను వెనక్కి తీస్తే పోతుంది, కానీ దాంతో పాటే భద్రతా సవరణలూ పోతాయి.

మీ సిస్టమ్‌లు కవలలో కాదో తేల్చుకోవడం తేలికే. రెండు సిస్టమ్‌లలోనూ లోకల్ ఖాతాతో లాగిన్ అయి, కమాండ్ ప్రాంప్ట్‌లో ‘హూయామ్ఐ’ కమాండ్‌కు ‘/యూజర్’ చేర్చి కొట్టండి. ఎస్, 1, 5, 21 అని మొదలై గీతలతో విడిపోయిన పొడుగాటి సంఖ్య వస్తుంది. 21 తర్వాత వచ్చే మూడు పెద్ద ముక్కలు రెండు చోట్లా ఒకటే అయితే ఆ రెండూ ఒకే కడుపున పుట్టినవే. ఆఖరి ముక్క ఖాతాది, దాన్ని వదిలేయండి. కవలలని తేలితే శాశ్వతమైన దారి ఒక్కటే, సిస్‌ప్రెప్ పద్ధతిలో మళ్లీ విండోస్ వేయడం. పెద్ద సంస్థలకు మైక్రోసాఫ్ట్ సపోర్టును అడిగితే తాత్కాలికంగా ఒక గ్రూప్ పాలసీ ఇస్తారు. ముప్ఫై సిస్టమ్‌ల ల్యాబ్‌కు ఇది వారం పని. సెలవుల్లో పెట్టుకోవాలి గానీ పరీక్షల ముందు కాదు.

పేరు బాగున్నా దారి మారిపోవడం ఇంకో కథ. పాత బ్రాడ్‌బ్యాండ్ తీసేసి ఫైబర్ పెట్టించుకున్నారు. పాత రూటర్ 192.168.1 సిరీస్ ఇచ్చేది. జియో ఫైబర్ రూటర్ 192.168.29 సిరీస్ ఇస్తుంది. సర్వర్‌కు ఎవరో ఎప్పుడో 192.168.1.10 అని చేత్తో కొట్టి పెట్టారు. మిగతా సిస్టమ్‌లన్నీ కొత్త వీధికి మారాయి, సర్వర్ పాత వీధిలోనే ఉండిపోయింది. కొత్త రూటర్‌తో వచ్చే రెండో చిక్కు: విండోస్ దాన్ని కొత్త నెట్‌వర్క్ అనుకుని ‘పబ్లిక్’ అని ముద్ర వేస్తుంది. అంటే రైల్వేస్టేషన్ వైఫైలో ఉన్నంత జాగ్రత్తగా ఉంటుంది, షేరింగ్ మూసేస్తుంది. ఫైర్‌వాల్ ఆపగానే సాఫ్ట్‌వేర్ వచ్చిందంటే తొంభై పాళ్లు కారణం ఇదే అని మా అభిప్రాయం. సెట్టింగ్స్‌లో ఆ నెట్‌వర్క్‌ను ‘ప్రైవేట్’ అని మార్చాలి, సాఫ్ట్‌వేర్ వాడే పోర్టు ఒక్కదానికి అనుమతి ఇవ్వాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు అది మామూలుగా 1433, పేరు పెట్టిన ఇన్‌స్టెన్స్ అయితే దాని సొంత పోర్టుతో పాటు, దాన్ని వెతికిపెట్టే బ్రౌజర్ సర్వీసు కోసం యూడీపీ 1434. ఆ అనుమతి కూడా ప్రైవేట్ నెట్‌వర్క్ వరకే, రూటర్ దాటి బయటి ప్రపంచానికి కాదు. ఐపీ 169.254తో మొదలైతే మాత్రం ఏ సెట్టింగూ ముట్టుకోకండి. రూటర్ నుంచి ఐపీ అందలేదని అర్థం. కేబులో, స్విచ్చో, రూటరో చూసుకోండి.

యూడీపీ 1434 అంటే గుర్తొచ్చింది. ఇంటి దగ్గర నుంచి లెక్కలు చూసుకుందామని రూటర్‌లో ఈ పోర్టులు బయటికి తెరిపించుకునే యజమానులున్నారు. 2003 జనవరి 25న స్లామర్ అనే వార్మ్ ఇదే పోర్టులో దూరి సుమారు 75 వేల సర్వర్లను పట్టుకుంది. అది పట్టుకోగలిగిన వాటిలో అత్యధిక భాగం మొదటి పది నిమిషాల్లోనే పోయాయి. ఆ కంతను పూడ్చే సవరణ అంతకు ఆరు నెలల ముందే వచ్చింది. ఎస్ఎంబీ1 కథా ఇలాంటిదే. 2017 మార్చిలో మైక్రోసాఫ్ట్ దానికి సవరణ ఇచ్చింది, మే 12న అదే కంతలో నుంచి వాన్నాక్రై అనే వార్మ్ వచ్చింది. సుమారు 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లకు తాళం పడింది. బ్రిటన్‌లో ఆసుపత్రులు రోగులను వెనక్కి పంపాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. ఆ ఏడాది చివరి నుంచే మైక్రోసాఫ్ట్ ఎస్ఎంబీ1ను విండోస్‌లో నుంచి తప్పిస్తూ వస్తోంది. ఇప్పుడు పాత స్టోరేజ్ బాక్సు కనబడటం లేదనో, నెట్‌వర్క్ నైబర్‌హుడ్ ఖాళీగా ఉందనో దాన్ని మళ్లీ ఎక్కిస్తున్నాం. విండోస్ 11 ప్రో 24హెచ్2 నుంచి పాస్‌వర్డ్ లేని గెస్ట్ షేరింగ్‌ను ఒప్పుకోదు. దాన్ని మాయ చేసే రిజిస్ట్రీ ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లలో తిరుగుతున్నాయి. చేయవలసింది షేర్‌కు ఒక ఖాతా, ఒక పాస్‌వర్డ్ పెట్టడం. రెండు నిమిషాల పని.

షేర్ చేసిన ప్రింటర్‌కు 11బీ అని ముగిసే ఎర్రర్ 2021 సెప్టెంబర్ అప్‌డేట్ల తర్వాత వచ్చింది. దానికీ ఒక రిజిస్ట్రీ విలువను సున్నా చేయడమే మందుగా చెలామణి అయింది. ప్రింటర్ ఉన్న సిస్టమ్‌కూ, వాడే సిస్టమ్‌కూ రెంటికీ అప్‌డేట్లు పూర్తి చేస్తే చాలు.

పెద్దగా ఎవరూ పట్టించుకోని ప్రమాదం ఇంకొకటుంది. పాత సర్వర్‌ను తీసి స్క్రాప్‌కు ఇచ్చేశారు. సిస్టమ్‌లలో మాత్రం ఆ పేరుతో మ్యాప్ చేసిన జెడ్ డ్రైవ్, డెస్క్‌టాప్ షార్ట్‌కట్, ప్రింటర్ అలాగే ఉన్నాయి. ఆన్ చేసిన ప్రతిసారీ విండోస్ ఆ పేరును డీఎన్‌ఎస్‌లో వెతుకుతుంది. దొరక్కపోతే నెట్‌వర్క్‌లో ఉన్న అందరినీ ‘ఈ పేరుగలవారు ఎవరు?’ అని కేకేసి అడుగుతుంది. ఎవరు ‘నేనే’ అంటే వాళ్లతో మాట కలుపుతుంది, పాస్‌వర్డ్ హ్యాష్‌తో సహా. ఆఫీసు వైఫైలో కూర్చున్న ఎవడైనా ల్యాప్‌టాప్‌లో ఒక ఉచిత పనిముట్టు వేసుకుని ‘నేనే’ అనగలడు. స్క్రాప్‌కు పోయిన సర్వర్ పేరు మీ సిస్టమ్‌లలో మిగిలి ఉండటం వల్ల పొద్దున సిస్టమ్ నెమ్మదిగా తెరుచుకోవడం ఒక్కటే కాదు, ఇదీ నష్టం.

మరి సాఫ్ట్‌వేర్ పడిపోతే ఏం చేయాలి? ముందు ఏమీ మార్చకండి. సర్వర్ దగ్గరా, పడిపోయిన సిస్టమ్ దగ్గరా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి హోస్ట్‌నేమ్, ఐపీకాన్ఫిగ్ కొట్టి, వచ్చినదాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకోండి. తర్వాత సర్వర్‌ను మొదట ఐపీతో పింగ్ చేయండి, ఆ తర్వాత పేరుతో. ఐపీకి పలికి పేరుకు పలకకపోతే జబ్బు పేరులో ఉంది. రెంటికీ పలికినా సాఫ్ట్‌వేర్ రాకపోతే పోర్టో, సర్వీసో, పాస్‌వర్డో. రెంటికీ పలకకపోతే వెంటనే కేబుల్ తప్పనకండి. పబ్లిక్ ముద్ర ఉన్న సిస్టమ్ పింగ్‌కు కావాలనే పలకదు, కాబట్టి ఆ ముద్ర ముందు చూడండి. పవర్‌షెల్‌లో టెస్ట్-నెట్‌కనెక్షన్‌కు పోర్టు నంబరు ఇస్తే ఆ తలుపు తెరిచి ఉందో లేదో సూటిగా చెబుతుంది. విండోస్‌లో డ్రైవర్స్ లోపలి ఈటీసీ ఫోల్డర్‌లో హోస్ట్స్ ఫైల్ తప్పక తెరిచి చూడండి. ముందు వచ్చినవారెవరో అందులో పాత ఐపీ ఒకటి రాసిపెట్టి పోయి ఉండటం కొత్తేమీ కాదు.

పేరే తప్పని తేలితే, సాఫ్ట్‌వేర్‌లో పది చోట్ల కొత్త పేరు రాయడం కంటే సర్వర్‌కు పాత పేరు మళ్లీ పెట్టడం మేలు. పేరు మార్చే ముందు డేటా బ్యాకప్‌ను వేరే హార్డ్‌డిస్క్‌లోకి తీసి, దాన్ని పీకి బీరువాలో పెట్టండి. ఎస్‌క్యూఎల్ సర్వర్ ఉన్న సిస్టమ్ పేరు నిజంగానే మార్చాల్సి వస్తే, డేటాబేస్ లోపల పాత పేరు అలాగే మిగులుతుందని, దాన్ని ‘ఎస్‌పీ డ్రాప్‌సర్వర్’, ‘ఎస్‌పీ యాడ్‌సర్వర్’ అనే రెండు ఆదేశాలతో విడిగా మార్చి సర్వీసును రీస్టార్ట్ చేయాలని గుర్తుంచుకోండి. సర్వర్‌కు ఐపీ చేత్తో కొట్టడం మాని, రూటర్‌లోనే దానికి ఒక ఐపీ రిజర్వ్ చేయండి. లైనక్స్, మ్యాక్ వాడేవాళ్లకు ఒక చిన్న మాట: పేరు మార్చాక క్రోమ్ ‘ఈ ప్రొఫైల్ ఇంకో కంప్యూటర్‌లో తెరిచి ఉంది’ అంటే కంగారు పడకండి. ప్రొఫైల్ ఫోల్డర్‌లోని సింగిల్‌టన్‌లాక్ ఫైల్‌లో పాత పేరు ఉండిపోయింది, క్రోమ్ పూర్తిగా మూసి దాన్ని తీసేస్తే సరి.

పేరు ఎలా ఎంచుకోవాలన్న దాని మీద ఇంటర్నెట్ పెద్దలు 1990లోనే ఆర్‌ఎఫ్‌సీ 1178 అని ఒక పత్రం రాసుకున్నారు. సొంత పేరు పెట్టకు, ఆ సిస్టమ్ చేసే పని పేరు పెట్టకు, పొడుగు పేరు వద్దు, రెండు రకాలుగా రాయగల పేరు వద్దు, ఒకే కోవకు చెందిన పేర్లు ఎంచుకో అంటుంది. మనకు నదులున్నాయి. పెన్న, నాగావళి బాగుంటాయి. తుంగభద్ర మాత్రం వద్దు. దాన్ని ఒకరు టీతో, ఇంకొకరు టీహెచ్‌తో రాస్తారు, మళ్లీ మొదటికొస్తుంది.

పేరుకూ చిరునామాకూ ముడి తెగితే ఎంతటివాడైనా పడతాడు. 2025 దీపావళి నాడు, అక్టోబర్ 20న, మన మధ్యాహ్నం వేళ అమెజాన్ క్లౌడ్‌లో పెద్ద భాగం కూలింది. డైనమోడీబీ డేటాబేస్ పేరుకు ఎదురుగా డీఎన్‌ఎస్‌లో ఉండాల్సిన చిరునామా ఖాళీ అయిపోవడమే మొదలు. వాళ్లు కారణం వెతికి, సరిచేసి, జరిగింది జరిగినట్టు రాసి అందరి ముందు పెట్టారు. మన దగ్గర లోపిస్తున్నది ఆ ఆఖరి పని.

అందుకే ఒక మాట సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లకు. సర్వర్ దొరక్కపోతే ‘అన్‌హ్యాండిల్డ్ ఎక్సెప్షన్’ అని వంద వరుసల ఇంగ్లీషు చూపించడం సిగ్గుచేటు. ‘ఫలానా పేరుగల సర్వర్ పలకడం లేదు’ అని ఒక్క వాక్యం తెలుగులో రాయడానికి ఎంత ఖర్చు? సర్వర్ పేరును ప్రోగ్రామ్ కడుపులో దాచకుండా సెట్టింగ్స్‌లో కనబడేలా పెట్టండి. మాన్యువల్ మొదటి పేజీలోనే ఫైర్‌వాల్ ఆపమని రాసేవాళ్లున్నారు. ఏ పోర్టు కావాలో చెప్పలేని కంపెనీ దగ్గర సాఫ్ట్‌వేర్ కొనడం గురించి కొనేవాళ్లు ఆలోచించుకోవాలి.

సాఫ్ట్‌వేర్ పడిపోయిన కంగారులో గూగుల్‌లో దొరికిన కస్టమర్ కేర్ నంబరుకు ఫోన్ చేయకండి. అక్కడ కాచుకున్నది మోసగాడు కావచ్చు. ఎనీడెస్క్ ఇప్పించుకుని ఖాతాలు ఊడ్చేసే మోసం గురించి రిజర్వ్ బ్యాంక్ 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించింది. బిల్లు మీద, లైసెన్సు కాగితం మీద ఉన్న నంబరుకే చేయండి. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ కొట్టండి.

ఇప్పటికే ఫైర్‌వాల్ ఆపేసి ఉంటే? స్టార్ట్ మెనూలో విండోస్ సెక్యూరిటీ తెరిచి, ఫైర్‌వాల్ అండ్ నెట్‌వర్క్ ప్రొటెక్షన్‌లోకి వెళ్లండి. డొమైన్, ప్రైవేట్, పబ్లిక్ మూడూ ఆన్ అని ఉండాలి. ‘టర్న్ విండోస్ ఫీచర్స్ ఆన్ ఆర్ ఆఫ్’లో ఎస్ఎంబీ 1.0 పక్కన టిక్ ఉంటే తీసేయండి. వీటి తర్వాత సాఫ్ట్‌వేర్ ఆగిపోతే ఆగనివ్వండి, ఎక్కడ ఆగిందో తెలిస్తేనే ఏది సరిచేయాలో తెలుస్తుంది. సర్వర్ పేరు, ఐపీ, పోర్టు, చివరిసారి ఏం మార్చారో ఒక కాగితం మీద రాసి క్యాబినెట్ లోపలి వైపు అంటించమని రిపేరుకు వచ్చే అబ్బాయిని అడగండి. ఆ కాగితం రాసినందుకు వంద ఎక్కువిస్తానని చెప్పండి. ఫైర్‌వాల్ ఆపి వెళితే అసలు బిల్లే ఇవ్వనని కూడా పని మొదలుపెట్టక ముందే చెప్పండి.